కొత్త ఓఎస్‌కి ఇప్పుడే మారాలా, ఆగాలా? అప్‌గ్రేడ్ బటన్ నొక్కే ముందు చూస్కోవాల్సినవి

అప్‌గ్రేడ్ చెయ్యమంటావా వద్దంటావా అని ఎవరడిగినా నేను ముందు అడిగేది ఒక్కటే, మీరు ఇప్పుడు వాడుతున్న ఓఎస్‌కి (అంటే విండోస్, మ్యాక్ఓఎస్ లాంటి, కంప్యూటర్‌ని నడిపే మూల సాఫ్ట్‌వేర్‌కి) సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయో తెలుసా అని. చాలామందికి తెలీదు. కొత్తదాంట్లో లుక్ ఎలా ఉంది, స్పీడ్ పెరుగుతుందా, స్టార్ట్ మెనూ ఎక్కడికి పోయింది, ఇవే అడుగుతారు. అవన్నీ తర్వాత చూస్కోవచ్చు, ముందు ఆ తేదీ తెలియాలి, ఎందుకంటే మీ దగ్గర తీరిగ్గా ఆలోచించుకునే టైమ్ ఉందా లేక టైమ్ ఎప్పుడో అయిపోయిందా అనేది దాన్ని బట్టే ఉంటుంది.

ఏ వెర్షన్ ఉందో తెలీకపోతే విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి విన్‌వర్ (winver) అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి, చిన్న బాక్స్‌లో వెర్షన్ చూపిస్తుంది. మ్యాక్‌లో ఐతే పైన ఎడమ మూల యాపిల్ గుర్తు నొక్కి అబౌట్ దిస్ మ్యాక్ చూడండి.

ఇప్పుడు ఎక్కువమందిని తిప్పలు పెడుతున్నది విండోస్ 10 కాబట్టి దాని సంగతి చెప్తా. 2015 జులైలో వచ్చింది, 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. అయిపోయింది అంటే కంప్యూటర్ ఆగిపోదు, మర్నాడు పొద్దున ఆన్ చేస్తే ఎప్పట్లాగే ఆన్ అవుతుంది, ఫైళ్లు ఓపెనవుతాయి, సినిమాలు ఆడతాయి, అందుకే చాలామంది ఏమీ కాలేదుగా అనుకుని వదిలేస్తున్నారు. ఆగిపోయింది రిపేర్. ఇకమీదట ఓఎస్‌లో కొత్తగా కన్నం, అంటే దాడి చేసేవాళ్లు దూరగలిగే లోపం, ఏదైనా బయటపడితే దాన్ని మూసే ప్యాచ్ మామూలుగా రాదు. ఇళ్లల్లో వాడుకునేవాళ్లకి మైక్రోసాఫ్ట్ వాళ్లు ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అని ఇంకో ఏడాది గడువు ఇచ్చారు, అది 2026 అక్టోబర్ 13 దాకా. కానీ అది దానంతటది రాదు, విండోస్ అప్‌డేట్ పేజీలోకి వెళ్లి ఎన్‌రోల్ అవ్వాలి, పైగా మీది 22హెచ్2 వెర్షన్ అయ్యుండాలి. ఇది తెలీక ఊరికే కూర్చున్నవాళ్లు చాలామంది ఉన్నారు, మీరూ అందులో ఉంటే ఇది చదవడం ఆపి ముందు ఆ పని చేసి రండి.

మరి యాంటీవైరస్ ఉందిగా అంటారు. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కి వైరస్ గుర్తులు విండోస్ 10లో కూడా 2028 అక్టోబర్ దాకా వస్తాయి, నిజమే. కానీ డిఫెండర్ చేసేది లోపలికొచ్చిన దొంగని గుర్తుపట్టడం, ఓఎస్ ప్యాచ్ చేసేది ఊడిపోయిన గొళ్లెం బిగించడం. గొళ్లెం లేని ఇంటికి కాపలా మనిషిని పెట్టుకుని ఎన్నాళ్లు నిద్రపోతాం చెప్పండి.

ఇంకో విషయం ఉంది, ఇది అర్థమైతే తేదీ గురించి నేనెందుకింత పట్టుపడుతున్నానో తెలుస్తుంది. కొత్త ఓఎస్‌లో చాలా కోడ్ పాతదాన్నుంచి వచ్చిందే. కొత్తదానికి ప్యాచ్ రిలీజ్ చెయ్యగానే దాడి చేసేవాళ్లు ప్యాచ్‌కి ముందు ఫైలు, తర్వాత ఫైలు పక్కపక్కన పెట్టి ఎక్కడ మార్చారో చూస్తారు, అంటే కన్నం ఎక్కడుందో కంపెనీయే వేలు పెట్టి చూపించినట్టు అవుతుంది, అదే కన్నం పాతదాంట్లోనూ ఉంటే అక్కడ మూసేవాడు లేడు. అందుకే సపోర్ట్ అయిపోయిన ఓఎస్ రోజులు గడిచేకొద్దీ ఇంకా ఇంకా బలహీనమవుతుంది, మొదటి నెల ఏం కాలేదని ధైర్యం తెచ్చుకోకూడదు. 2017 మేలో వానాక్రై అనే, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్ వచ్చినప్పుడు ఏం జరిగిందో గుర్తుందా, అది వాడుకున్న కన్నానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది, అంటే రెండు నెలల ముందే. ఎక్కువగా దెబ్బతిన్నవి విండోస్ 7 కంప్యూటర్లు, దానికి అప్పటికి సపోర్ట్ ఉంది కూడా, కానీ వాళ్లు ఆ ప్యాచ్ వేసుకోలేదు. సపోర్ట్ ఉండటం ఒక ఎత్తు, వచ్చిన అప్‌డేట్ వేసుకోవడం ఇంకో ఎత్తు.

మ్యాక్ వాళ్లకి ఇలా తేదీ రాసి పెట్టి ఉండదు. యాపిల్ ముందుగా చెప్పదు, ఐతే మామూలుగా కొత్త వెర్షన్‌కి, దానికి ముందు రెండు వెర్షన్లకి సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తూ వస్తోంది, కాబట్టి మీరు మూడు వెర్షన్ల వెనక పడ్డారంటే టైమ్ అయిపోయినట్టే లెక్కేస్కోండి. ఇంటెల్ ప్రాసెసర్ మ్యాక్ ఉన్నవాళ్లకి 2025 సెప్టెంబర్‌లో వచ్చిన మ్యాక్ఓఎస్ టహో 26 ఆఖరు, అది కూడా కొన్ని ఇంటెల్ మోడళ్లకే. ఉబుంటు (లైనక్స్ రకం ఓఎస్) వాళ్లది హాయి, ఎల్‌టీఎస్ అని ఎక్కువకాలం సపోర్ట్ ఉండే వెర్షన్ అంటే రిలీజైన దగ్గర్నుంచి ఐదేళ్లు, పేరులోనే ఏడాది నెల ఉంటాయి, 24.04 అంటే 2024 ఏప్రిల్, వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు.

సరే, తేదీ చూశారు, ఇంకా ఏడాది పైనే ఉంది అనుకోండి. ఐతే తొందర వద్దు. కొత్త ఓఎస్ వచ్చిన మొదటి వారం దూకడం నాకస్సలు నచ్చదు, నేనైతే మూడు నెలలు కనీసం ఆగుతా, పని నడిచే మెషీన్ ఐతే ఆరు నెలలు. ఊరికే భయపడి చెప్తున్నది కాదు. విండోస్ 10లోనే 2018 అక్టోబర్ మొదట్లో 1809 అనే వెర్షన్ వదిలారు, కొంతమందికి డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలో ఉన్న ఫైళ్లు పోయాయి, నాలుగు రోజుల్లోనే వెనక్కి తీస్కుని మళ్లీ నవంబర్‌లో ఇచ్చారు. అంత పెద్ద కంపెనీ, అంత టెస్టింగ్, ఐనా అలా అయింది. నవంబర్ దాకా ఆగినవాడికి ఆ గొడవే తెలీదు. ఉబుంటు వాళ్లు ఈ ఆగడాన్ని పద్ధతిగానే పెట్టుకున్నారు, ఒక ఎల్‌టీఎస్ నుంచి ఇంకో ఎల్‌టీఎస్‌కి అప్‌గ్రేడ్ మామూలుగా మొదటి పాయింట్ రిలీజ్ (అప్పటిదాకా చేసిన రిపేర్లన్నీ కలిపి ఇచ్చేది) వచ్చాకే చూపిస్తారు, 22.04లో ఉన్నవాళ్లకి ఏప్రిల్‌లో వచ్చిన 24.04 వెంటనే కనపడలేదు, ఆగస్టులో 24.04.1 వచ్చాకే ఆ దారి తెరిచారు.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. ఆగమన్నది వెర్షన్ అప్‌గ్రేడ్‌కి, నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లకి కాదు! రెండూ ఒకటే అనుకుని మొత్తం అప్‌డేట్లే ఆపేసేవాళ్లని చూశా, అది అన్నిటికన్నా ప్రమాదం. నెలవారీవి వచ్చినవి వచ్చినట్టు వేస్కోండి.

ఇంకోటి, కొత్త వెర్షన్ అందరికీ వచ్చి మీకు మాత్రం రాలేదంటే కంగారుపడి ఐఎస్ఓ ఫైల్ (ఓఎస్ మొత్తం ఉండే ఇన్‌స్టాల్ ఫైల్) దించుకుని బలవంతంగా ఎక్కించకండి. ఫలానా డ్రైవర్ (పరికరాన్ని ఓఎస్‌తో కలిపి పని చేయించే చిన్న సాఫ్ట్‌వేర్) ఉన్న మెషీన్లలో ప్రాబ్లం వస్తోంది అని తెలిస్తే మైక్రోసాఫ్ట్ వాళ్లు ఆ మెషీన్లకి అప్‌గ్రేడ్ ఇవ్వకుండా పట్టి ఉంచుతారు, దాన్ని సేఫ్‌గార్డ్ హోల్డ్ అంటారు, సమస్య తీరాక వాళ్లే వదులుతారు.

ఇప్పుడు మీ మెషీన్ సంగతి. విండోస్ 11 అడిగేవి ఇవి: 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, యూఈఎఫ్ఐ సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు), టీపీఎం 2.0 (రహస్య కీలు దాచిపెట్టే సెక్యూరిటీ భాగం). ప్రాసెసర్లలో ఇంటెల్ ఐతే సుమారుగా 8వ జనరేషన్ నుంచి, ఏఎండీ ఐతే సుమారుగా రైజెన్ 2000 సిరీస్ నుంచి లిస్టులో ఉన్నాయి. ఇవన్నీ ఒక్కొక్కటి వెతుక్కోనక్కర్లేదు, పీసీ హెల్త్ చెక్ అని మైక్రోసాఫ్ట్ వాళ్ల యాప్ ఉంది, అది నడిపితే ఏది సరిపోయింది ఏది సరిపోలేదు చెప్తుంది. అది "మీ పీసీకి కుదరదు" అని ఎర్ర గుర్తు చూపించగానే కొత్త కంప్యూటర్ కొనడానికి బయల్దేరకండి, ఎందుకు కుదరదో కింద రాస్తుంది చదవండి. టీపీఎం లేదు అని వస్తే చాలాసార్లు అది ఉండీ బయోస్‌లో (ఓఎస్ కన్నా ముందే నడిచే కంప్యూటర్ సెట్టింగ్స్‌లో) ఆఫ్‌లో ఉంటుంది, ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని పేరు ఉంటుంది, అది ఆన్ చేస్తే సరిపోతుంది. సెక్యూర్ బూట్ అడ్డమొస్తే డిస్క్‌ని భాగాలు చేసే తీరు పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉందేమో చూడాలి, దాన్ని ఫైళ్లు పోకుండా కొత్త జీపీటీ పద్ధతికి మార్చే టూల్ విండోస్ 10లోనే ఉంది, పేరు ఎంబీఆర్2జీపీటీ, కాకపోతే బ్యాకప్ లేకుండా మాత్రం దాని జోలికి వెళ్లొద్దు.

బయోస్‌లో చెయ్యి పెట్టేముందు ఒక్క మాట, దయచేసి ఇది దాటెయ్యకండి. చాలా ల్యాప్‌టాపుల్లో డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, బిట్‌లాకర్ అని, మనకి తెలీకుండానే ఆన్ అయి ఉండొచ్చు. సెక్యూర్ బూటో టీపీఎమ్మో మార్చగానే నెక్స్ట్ టైమ్ ఆన్ చేసినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, ఆ కీ లేకపోతే మీ ఫైళ్లు మీకే అందవు, ఎవరూ ఏం చెయ్యలేరు. నాకు తెలిసినాయనకి సరిగ్గా ఇలాగే అయింది, ఎనిమిదేళ్ల ఫొటోలు ఆ డ్రైవ్‌లో. రెండ్రోజుల తర్వాత పాత ఈమెయిల్‌తో చేసిన మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఒకటుందని గుర్తొచ్చి అందులో వెతికితే కీ దొరికింది, ఆ రెండ్రోజులూ ఆయన మొహం చూడలేకపోయా. కాబట్టి ముందు అకౌంట్‌లోకి వెళ్లి కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసుకుని, బిట్‌లాకర్‌ని సస్పెండ్ (తాత్కాలికంగా ఆపడం) చేసి, అప్పుడు బయోస్‌లోకి వెళ్లండి. టీపీఎం క్లియర్ అనే ఆప్షన్ కనిపిస్తుంది, దాన్ని ముట్టుకోకండి.

4 జీబీ ర్యామ్ చాలు అని రాస్తారు కానీ అది ఇన్‌స్టాల్ అవడానికి చాలు, పని చేస్కోడానికి చాలదు. 8 ఉంటే నయం. ఇక పాత తిరిగే హార్డ్ డిస్క్ మీదే విండోస్ ఉందంటే ముందు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డ్రైవ్) వేయించండి, ఓఎస్ గురించి తర్వాత ఆలోచించొచ్చు. స్లోగా ఉంది కాబట్టి కొత్త ఓఎస్ వేస్తా అనేవాళ్లలో చాలామందికి కావాల్సింది ఓఎస్ కాదు, ఎస్‌ఎస్‌డీ.

లిస్టులో లేని మెషీన్లో కూడా చెకింగ్‌ని దాటించి విండోస్ 11 ఎక్కించే పద్ధతులు ఉన్నాయి, వీడియోలు బోలెడు. అది జరుగుతుంది, అబద్ధం కాదు. కానీ అలాంటి మెషీన్లకి అప్‌డేట్లు ఇస్తామని గ్యారంటీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది, పైగా విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి మరీ పాత ప్రాసెసర్లలో అస్సలు బూటే అవ్వదు, ఎందుకంటే ఎస్‌ఎస్‌ఈ 4.2 అనే ఇన్‌స్ట్రక్షన్లు ప్రాసెసర్లో ఉండి తీరాలి. పక్కన పడున్న మెషీన్లో ప్రయోగానికి చేస్కోండి, రోజూ పని చేసే దాంట్లో మాత్రం నేను చెయ్యను, మీకూ చెప్పను. సెక్యూరిటీ అప్‌డేట్ల కోసం అప్‌గ్రేడ్ చేసి ఆ అప్‌డేట్లే అనుమానంగా ఉండే చోటికి వెళ్లడం ఏంటి మరి.

మెషీన్ సరిపోయింది. ఇక అసలు చాలామంది దెబ్బతినేది ఇక్కడే, సాఫ్ట్‌వేర్లూ పరికరాలూ. ఒక కాగితం తీస్కుని వారం రోజులు మీరు ఓపెన్ చేసే ప్రతి ప్రోగ్రాం, ప్లగ్ చేసే ప్రతి వస్తువు రాసుకుంటూ పోండి. కూర్చుని గుర్తు చేస్కుంటే సగం గుర్తు రావు, ఏడాదికోసారి వాడేవి కూడా ఆలోచించి రాయండి. ప్రింటరు, స్కానరు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, అకౌంట్ల సాఫ్ట్‌వేర్, దాని డాంగిల్ (లైసెన్స్ కోసం యూఎస్‌బీలో పెట్టే చిన్న ముక్క), ఆఫీస్ వీపీఎన్, పాత ఫొటో ఎడిటరు. తర్వాత ఒక్కోదాని కంపెనీ సైట్‌కి వెళ్లి సపోర్ట్ పేజీలో కొత్త ఓఎస్ పేరు రాసుందా చూడండి. రాసి ఉంటే టిక్, లేకపోతే ప్రశ్నార్థకం. నేను ఈ పని చెయ్యకుండా ఒకసారి అప్‌గ్రేడ్ చేశా, నా స్కానర్ చచ్చిపోయింది. స్కానర్ బాగానే ఉంది, లైటు వెలుగుతోంది, కానీ కొత్త ఓఎస్‌కి డ్రైవర్ లేదు, కంపెనీకి రాస్తే ఆ మోడల్‌కి ఇక డ్రైవర్ చెయ్యం అన్నారు. తర్వాత వేరేవాళ్లు చేసిన స్కానింగ్ సాఫ్ట్‌వేర్ కొనుక్కుని దాంతో నడిపించా, కానీ ఆ వారం నాకు అర్జంటుగా పంపాల్సిన కాగితాలు ఉండి ఎంత ఇబ్బంది పడ్డానో.

మ్యాక్‌లో ఇలాంటిది 2019లో అందరికీ ఒకేసారి జరిగింది, కెటలీనా వెర్షన్‌తో 32 బిట్ యాప్‌లన్నీ ఆపేశారు, డబ్బు పెట్టి కొనుక్కున్న ప్రోగ్రాములు కూడా ఓపెన్ అవ్వడం మానేశాయి. ముఖ్యంగా మ్యూజిక్ రికార్డింగ్ చేసేవాళ్లు ప్లగిన్ల (మెయిన్ ప్రోగ్రాంకి తగిలించే అదనపు సాఫ్ట్‌వేర్ల) విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి, ఆ ప్లగిన్ కంపెనీలే ప్రతి కొత్త మ్యాక్ఓఎస్‌కి "మేం చెప్పేదాకా మారకండి" అని మెయిల్ పెడతాయి, పెడితే వినండి. ఆఫీస్ వాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్ ఐతే మీరు ఏమీ ఆలోచించకండి, ఐటీ వాళ్లని అడగండి, వాళ్లు చెప్పిందే.

కాగితం మీద ప్రశ్నార్థకం ఉన్నది ఒక్కటైనా మీ రోజువారీ పనికి తప్పనిసరిదైతే, సపోర్ట్ తేదీ కూడా దూరంగా ఉంటే, ఆగిపోండి. తేదీ దాటిపోయి ఉంటే ఆ ఒక్క ప్రోగ్రాంకి వేరే దారి వెతుక్కోవాలి తప్ప దానికోసం మొత్తం కంప్యూటర్‌ని తలుపులు తీసి పెట్టి ఉంచకూడదు. ఏదో పరికరం పాత ఓఎస్‌తోనే నడుస్తుందనుకోండి, ఆ మెషీన్‌కి నెట్ తీసేసి దానికోసమే ఉంచుకోవచ్చు, బ్రౌజింగూ బ్యాంకింగూ ఇంకోదాంట్లో. మెషీన్ పాతది, విండోస్ 11 రాదు, కొనే ఉద్దేశం లేదు అంటే లైనక్స్ మింటో ఉబుంటూనో పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చెయ్యకుండానే దాన్నుంచి బూట్ చేసి చూడొచ్చు, వైఫై దొరుకుతోందా, సౌండ్ వస్తోందా, ప్రింటర్ పలుకుతోందా అని ఓ సాయంత్రం చూస్కుంటే తెలిసిపోతుంది, నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేస్తే మీ విండోస్ మీకుంటుంది. బ్రౌజరూ మెయిలూ తప్ప ఇంకేం వాడనివాళ్లకి ఇది చాలా మంచి దారి అని నా నమ్మకం.

ఇక బ్యాకప్. క్లౌడ్‌లో సింక్ అవుతున్నాయిగా అనకండి, సింక్ అంటే ఇక్కడ డిలీట్ ఐతే అక్కడా డిలీట్ అవుతుంది. బయట డ్రైవ్ ఒకటి తీస్కుని ఫైళ్లు కాపీ చెయ్యండి, కుదిరితే మొత్తం డిస్క్ ఇమేజ్ (డ్రైవ్ మొత్తానికి అచ్చు నకలు) కూడా తీస్కోండి, మ్యాక్‌లో ఐతే టైమ్ మెషీన్ అని బ్యాకప్ టూల్ ఉంది. కాపీ అయిపోయాక ఆ డ్రైవ్‌ని వేరే కంప్యూటర్‌కి పెట్టి నాలుగైదు ఫైళ్లు ఓపెన్ చేసి చూడండి, ఒక ఫొటో, ఒక పెద్ద వీడియో, ఒక ఎక్సెల్ షీట్. ఓపెన్ అయితేనే బ్యాకప్ ఉన్నట్టు.

వెనక్కి రావడం గురించి కూడా ముందే తెలుస్కోండి. విండోస్ 10 నుంచి 11కి పాతదాని మీదే అప్‌గ్రేడ్ చేస్తే 10 రోజుల దాకా సెట్టింగ్స్‌లో రికవరీలోకి వెళ్లి గో బ్యాక్ నొక్కి వెనక్కి రావచ్చు. పది రోజులు నాకైతే చాలవు, నెలాఖరు పనులు అప్పటికి రావు కదా. అప్‌గ్రేడ్ అవ్వగానే, ఆ గడువులోపే, డిజమ్ (DISM) అనే కమాండ్‌తో దాన్ని 60 రోజుల దాకా పెంచుకోవచ్చు. మ్యాక్‌లో ఈ సౌకర్యం లేదు, వెనక్కి రావాలంటే మామూలుగా డిస్క్ తుడిచి పాతది వేసి టైమ్ మెషీన్ నుంచి తెచ్చుకోవాలి. ఉబుంటులోనూ తుడిచి పాతది మళ్లీ వెయ్యడమే.

అన్నీ సరిపోయి చేద్దామనుకుంటే మర్నాడు పని లేని రోజు చూస్కోండి, ముప్పై జీబీ ఖాళీ ఉంచండి, ల్యాప్‌టాప్‌కి ఛార్జర్ పెట్టండి, కీబోర్డు మౌసు తప్ప మిగతా యూఎస్‌బీలు పీకెయ్యండి, వేరే కంపెనీ యాంటీవైరస్ ఉంటే కాసేపు అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి. ఏళ్లతరబడి చెత్త పేరుకున్న మెషీన్ ఐతే క్లీన్ ఇన్‌స్టాల్ (డ్రైవ్ తుడిచి ఓఎస్‌ని మొదట్నుంచి వెయ్యడం) మంచిది, కాకపోతే లైసెన్స్ కీలన్నీ ముందే వెతికి పెట్టుకోవాలి. విండోస్ 10 32 బిట్ ఉన్నవాళ్లకి వేరే దారి కూడా లేదు, 11లో 32 బిట్ లేనే లేదు, క్లీన్‌గానే వెయ్యాలి.

అయ్యాక మొదటి రోజు డివైస్ మేనేజర్ ఓపెన్ చేసి పసుపు గుర్తులు ఉన్నాయేమో చూడండి, తర్వాత ఆ కాగితం మళ్లీ తీస్కుని ఒక్కోటీ ఓపెన్ చేస్తూ, ప్లగ్ చేస్తూ టిక్ పెట్టుకుంటూ రండి, ఒక పేజీ ప్రింట్ తీయండి, ఒకటి స్కాన్ చెయ్యండి, ఒక వీడియో కాల్ మాట్లాడండి, మూత మూసి తెరిచి నిద్ర లేస్తోందా చూడండి. ఈలోగా సీ డ్రైవ్ నిండిపోయిందని పాత విండోస్ దాచి ఉంచే విండోస్ డాట్ ఓల్డ్ (Windows.old) ఫోల్డర్‌ని తొందరపడి తీసెయ్యకండి, వెనక్కి వచ్చే దారి ఆ ఫోల్డరే. కాగితం మీద అన్నిటికీ టిక్ పడ్డాక, అందులో మీ పాత ఫైళ్లు ఏమన్నా మిగిలాయేమో ఒకసారి తెరిచి చూస్కుని అప్పుడు తీసెయ్యండి.